కల్లు బందైన మూడో రోజు

2015 సెప్టెంబరులో అప్పటి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎక్సైజ్ అధికారులు కల్తీ కల్లు మీద గట్టిగా పడ్డారు. కొన్ని కల్లు డిపోలు మూతబడ్డాయి. తెరిచి ఉన్నచోట కూడా కేసుల భయంతో కల్లులో మత్తుమందు కలపడం ఆపారు. మొదటి రోజు ఊళ్లు మామూలుగానే ఉన్నాయి. తర్వాత ప్రభుత్వ దవాఖానలకు జనం రావడం మొదలైంది. చేతులు వణికేవాళ్లు, ఫిట్స్ వచ్చి నాలుక కరుచుకున్నవాళ్లు, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడేవాళ్లు, ఒంటి మీద బట్ట నిలుపుకోలేనివాళ్లు వచ్చారు. వాళ్లలో ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా ఉన్నారు. కొందరు చనిపోయారు. కల్లు దొరక్క జనం పిచ్చివాళ్లవుతున్నారని వార్తలు వచ్చాయి.

కొన్ని వారాలకు గొడవ సద్దుమణిగింది. దవాఖానలు ఖాళీ అయ్యాయి. చాలామంది బాగుపడి ఇంటికి పోలేదు, కల్లు మళ్లీ దొరికింది కనుక పోయారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మందు షాపులు, కల్లు కాంపౌండ్లు ఒక్క రాత్రిలో బంద్ చేసినప్పుడు ఇదే మళ్లీ జరిగింది. ఆ నెలాఖరుకు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీ ముందు వణుకుతున్న మనుషులు వరస కట్టారు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి జనం ఆసుపత్రుల పాలయ్యారు. అదే ఏడాది జులైలో కూకట్‌పల్లిలో పలువురి ప్రాణాలే పోయాయి. ప్రతిసారీ దాడులు, శాంపిళ్లు, సీజ్‌లు, సస్పెన్షన్లు. ఆ మనుషులు ఆ కల్లు రోజూ ఎందుకు తాగుతున్నారు, దానికి ముందు వాళ్లకు ఏ బాధ ఉంది అన్నది మాత్రం ఏ విచారణలోనూ ముందుకు రాలేదు. ఈ ప్రాంతపు కష్టానికి మొదలు అక్కడే ఉందని నా నమ్మకం.

చెట్టు కల్లు సంగతి వేరు. ఈత కల్లయినా తాటి కల్లయినా పొద్దున దించింది పొద్దుగూకేసరికి పులుస్తుంది, మత్తు కొద్దిగానే ఉంటుంది. మోకు ముత్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గౌడన్నను ఈ కథనంలో దోషిగా నిలబెట్టే ఉద్దేశం నాకు లేదు. చెట్లు తగ్గిపోయాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఉన్న నాలుగు చెట్ల కల్లును ఊరంతటికీ సరిపెట్టాలంటే నీళ్లు పోయాలి. నీళ్లు పోసినదానికి తీపి కోసం శాకరిన్, మత్తు కోసం మందు కలపాలి. ఆ మందు ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజీపాం, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం. పేపర్లు వీటిని ‘ప్రమాదకర రసాయనాలు’ అని రాస్తాయి. అవి రసాయనాలే, అంతకు ముందు మందులు. గాబరాకు, గుండె దడకు, నిద్ర పట్టకపోవడానికి మానసిక వైద్యుడు కొద్ది మోతాదులో, కొన్నాళ్లకే రాసిచ్చే మందులు. అల్ప్రాజోలం మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ కిందికి వస్తుంది. డాక్టరు చీటీ లేనిదే మందుల షాపులో ఇవ్వకూడదు. అదే గోలీ పొడి ఎంత కలిపారో కలిపినవాడికే సరిగ్గా తెలియకుండా సీసాలో మనిషికి చేరుతోంది.

అంటే నిజామాబాద్, కామారెడ్డి, మెదక్, పాలమూరు పల్లెల్లో కొన్ని తరాలుగా ఆడామగా మానసిక జబ్బు మందు వేసుకుంటున్నారు. డాక్టరు లేడు, మోతాదు లేదు, ఏ జబ్బుకు వేసుకుంటున్నారో వాళ్లకే తెలియదు. ఆ జబ్బు ఉన్నవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లకు అందుబాటులో ఉన్న మానసిక చికిత్స కేంద్రం కల్లు డిపో ఒక్కటే.

మా మేనత్తది కామారెడ్డి వైపు ఒక పల్లె. చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టింది. చాట ఒళ్లో పెట్టుకుని, నానబెట్టిన తునికాకును కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొన మడిచేది. మాట్లాడుతున్నా, మనవరాలిని గదమాయిస్తున్నా ఆ చేతులు ఆగేవి కావు. మామ సౌదీ పోయిండు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా దిక్కు మగవాళ్లకు మూడే దారులుండె, ఆయన మూడోది పట్టిండు. అక్కడే ఒకనాడు గుండె ఆగి పోయిండు. శవపెట్టె ఊరికి రావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో అత్త రాత్రుళ్లు నిద్రపోలేదు. పక్కింటామె సాయంత్రం ఒక సీసా తెచ్చి, “తాగు, కన్ను మూతవడతది” అన్నది. నిజంగానే మూతబడింది. అట్లా మొదలై ఆమె ముసలిదయ్యేదాకా సాగింది. ఊళ్లో ఎవరూ దాన్ని తాగుడు అనలేదు. ఆమె తూలలేదు, తిట్టలేదు, ఇంటి పైసలు తగలేయలేదు. పొద్దంతా బీడీలు, పొద్దుగూకితే కల్లు. నవ్వడం తగ్గింది, పండగకు పుట్టింటికి రావడం మానేసింది, “నా పానం బాగుండదు అల్లుడా” అనేది. వయసు మీద పడుతోంది అనుకున్నారు అందరూ.

డిపో మూతబడిన మూడో రాత్రి ఆమె మంచం మీద లేచి కూర్చుంది. ఒళ్లో చాట లేదు, ఆకు లేదు, తంబాకు లేదు. చేతులు మాత్రం చుడుతున్నాయి. లేని ఆకును సరిచేసుకుని, లేని దారాన్ని పళ్లతో తెంపి, కొన మడిచి పక్కన పెడుతోంది. ఒళ్లంతా చెమట. “ఏం చేస్తున్నవత్తా?” అంటే, “వెయ్యి కాలేదు అల్లుడా, పొద్దుగాల్ల కంపెనీకి అప్పజెప్పాలె” అన్నది. మూలకు మామ నిలబడ్డడని, అన్నం పెట్టమంటున్నడని చెప్పింది.

మత్తు ఒక్కసారిగా ఆగినప్పుడు మతి చెదిరిన మనిషి ఎప్పుడూ చేసే పనినే చేస్తూ ఉండిపోవడం వైద్యులకు కొత్త కాదు. మగ్గం నేసేవాడు గాలిలో నేస్తాడు, డ్రైవరు లేని స్టీరింగు తిప్పుతాడు. అప్పటికి మా వాళ్లకు అది తెలియదు. బాణామతి చేసిన్రు అని ఒకరు, గాలి సోకింది అని ఒకరు. మెదక్, నిజామాబాద్ పల్లెల్లో బాణామతి అనే చేతబడి మాట వస్తే తర్వాత ఎవరి ఇంటి మీదికి రాళ్లు పోతాయో చెప్పలేం. అదృష్టం కొద్దీ అత్త కోడలు, అంటే మా బావ భార్య, గట్టిది. “దవాఖానకే పోదాం” అని పట్టుబట్టింది.

అక్కడి నుంచి మొదలైన తిప్పలే ఈ కథనానికి అసలు కారణం. జిల్లాలో ఒక దవాఖానలో డ్యూటీలో ఉన్నాయన చూసి, “ఇది తాగుడు కేసు, తాగుడు మాన్పించే కేంద్రానికి తీస్కపోండ్రి” అన్నాడు. ఆ కేంద్రంలో గేటు దగ్గరే ఆపారు. ఆడవాళ్లను చేర్చుకోరు. మగవాళ్లయినా సరే, “మతి సరిగ లేనోళ్లను మేం పెట్టుకోం, ముందు మెంటల్ దవాఖానల చూపించుకోని రాండ్రి” అన్నారు. మానసిక వైద్యం ఇస్తామని బోర్డు ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌కు పోతే, “ముందు కల్లు పూర్తిగా మానాలె, ఆ తర్వాతనే మా వైద్యం” అన్నారు. కల్లు ఆగినందుకే ఆమె అట్లా అయింది. ఈ ముగ్గురిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరి గది హద్దు వాళ్లు చెప్పారు. మా అత్త ఏ గదిలోకీ సరిపోలేదు.

ఇది మా ఒక్క ఇంటి దురదృష్టం అయితే రాసి లాభం లేదు. ఈ హద్దులు ఢిల్లీలోనే గీసి ఉన్నాయి. మానసిక ఆరోగ్యం ఆరోగ్య శాఖది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టారు, 1996 నుంచి దాన్ని జిల్లాలకు తెచ్చారు. మత్తు మాన్పించే కేంద్రాలు ఎక్కువగా సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపేవి. ఒక శాఖ దగ్గర డాక్టరు, మందులు. రెండో శాఖ దగ్గర మంచం, కౌన్సెలరు. రెండూ ఒకేసారి కావలసిన రోగి ఒక శాఖ రిజిస్టరులో తాగుబోతు, ఇంకో శాఖ రిజిస్టరులో పిచ్చివాడు. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మొదలుపెట్టిన నశా ముక్త భారత్ కూడా రెండో శాఖదే. ర్యాలీలు, ప్రతిజ్ఞలు బాగానే జరుగుతున్నాయి. ప్రతిజ్ఞ చేసిన కుర్రాడికి ఆ రాత్రి నిద్ర పట్టకపోతే ఎక్కడికి పోవాలో ఆ ర్యాలీలోనే చెప్పాలి.

చట్టం ఎప్పుడో దారి చూపింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలోనే మద్యం, మత్తుమందుల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను చేర్చింది. అంటే ఆ రాత్రి మా అత్త ఉన్నటువంటి స్థితిలోని మనిషి ఈ చట్టప్రకారం మానసిక రోగి. అలాంటి మనిషికి ప్రభుత్వ ఖర్చుతో నడిచే వైద్యం పొందే హక్కు ఉంది. ఆ చట్టమే రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. రిజిస్టరు కాకుండా అలాంటి రోగులను ఉంచుకునే కేంద్రం నడపకూడదంది. పట్టణాల శివార్లలో అద్దె ఇళ్లలో నడిచే కొన్ని ‘రీహాబ్’లలో తాళం వేసి, కొట్టి, ఫోను లాక్కుని, నెలకు ఇంత అని తల్లిదండ్రుల దగ్గర వసూలు చేయడం అందరికీ తెలిసిందే. అక్కడికి పోయినవాళ్లలో ఎంతమందికి లోపల డిప్రెషన్ ఉందో, ఎంతమందికి చెవిలో మాటలు వినిపిస్తున్నాయో అడిగేవాళ్లు లేరు. దెబ్బలకు భయపడి మౌనంగా ఉన్నవాడిని ‘మారిండు’ అని ఇంటికి పంపిస్తారు.

అంకెల్లో ఈ లోటు చాలా పెద్దది. సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన సర్వే 2019లో బయటికి వచ్చింది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందని, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరని అది తేల్చింది. డాక్టరు చెప్పకుండా నిద్రమాత్రల వంటి మందులు వాడుతున్నవాళ్లు దేశంలో దాదాపు 1.18 కోట్ల మంది అని అదే సర్వే చెప్పింది. తాను గోలీ వేసుకుంటున్నానని మా అత్తకు తెలియదు. సర్వే చేసేవాళ్లు ఆమె ఇంటికి వచ్చి అడిగి ఉంటే లేదనే చెప్పేది. 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మద్యం సమస్య ఉన్నవారిలో 86 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన కల్లు, మన బీడీ, మన గల్ఫ్ ఆ లెక్కలోకి రానేలేదు.

ముందు ఏది, తాగుడా, జబ్బా? ప్రతి ఇంట్లో ఈ గొడవ ఉంటుంది. భార్య తాగుడు వల్లే ఇట్లయిండంటుంది, తల్లి మనసు బాగలేకనే తాగుతున్నడంటుంది. ఇద్దరి మాటా నిజం కావచ్చు. మద్యమే దిగులును పుట్టించగలదు, నిద్రను పాడు చేయగలదు, భార్య మీద లేనిపోని అనుమానాన్ని పెంచగలదు. తాగి ఉన్నప్పుడో, మానేసిన మొదటి వారంలోనో చూసి ఇది సొంత డిప్రెషనా, మద్యం తెచ్చిందా అని చెప్పడం మంచి వైద్యుడికీ కష్టం. మత్తు పూర్తిగా దిగాక మూడు నాలుగు వారాలు గమనిస్తే, మద్యం తెచ్చిన దిగులు చాలావరకు తేలిపోతుంది. అప్పటికీ ఉంటే అది విడిగా ఉన్న జబ్బు, దానికి విడిగా మందు కావాలి. అందుకని ఆ నాలుగు వారాలు గాలికి వదిలేయమని కాదు. చనిపోవాలన్న మాట వచ్చినా, తాగడానికి ముందు నుంచే జబ్బు ఉందని తెలిసినా వైద్యం మొదటి రోజే మొదలవ్వాలి. ఆ వారాలంతా ఒకే డాక్టరు, ఒకే చోట, రెండు కళ్లతో చూడాలి. మన దగ్గర లేనిది అదే.

లేనిదాన్ని ఊళ్లు తమకు తోచినట్టు పూడ్చుకున్నాయి. పేపర్లో, గోడల మీద ప్రకటనలు ఉంటాయి: తాగేవారికి తెలియకుండా ఇవ్వవచ్చు, వారంలో మానేస్తారు అని. అలా అమ్మే పొడుల్లో ఏముందో ఎవరూ చెప్పరు. ఇంకొందరు ఎవరికో డాక్టరు తాగుడు మాన్పించడానికి రాసిన డైసల్ఫిరాం గోలీని అరగదీసి భర్త కూరలో కలుపుతారు. ఆ తల్లుల, భార్యల తెగువ వెనక ఎంత విసుగు ఉందో నాకు తెలుసు, వాళ్లను ఒక్క మాట అనలేను. కానీ ఆ గోలీ ఉన్న ఒంట్లోకి మద్యం పోతే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా చెవుల్లో మాటలు వినిపించే జబ్బు ఉన్న మనిషికి ఆ మందు ఆ జబ్బునే పెంచగలదు. మనిషికి తెలిసి, ఒప్పుకుని, రక్త పరీక్షలు అయ్యాక, ఇంట్లో ఒకరు దగ్గరుండి వేయిస్తే పనిచేసే మందు అది. దొంగచాటుగా వేస్తే విషంతో సమానం.

ఇక అయ్యప్ప మాల. కార్తీకం రాగానే ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు ఊపిరి పీల్చుకుంటారో లెక్కలేదు. మండలం రోజులు చుక్క ముట్టడు, చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, పిల్లలతో మెత్తగా మాట. ఆ 41 రోజులు అబద్ధం కాదు, నేను దాన్ని తేలిక చేయను. ఒక సన్నిధానం, ఒక గురుస్వామి, ఒక గుంపు మనిషిని ఎంతదూరం నిలబెట్టగలవో ఆ రోజులే సాక్ష్యం. రెండు సంగతులు మాత్రం గురుస్వాములకు తెలియాలి. రోజూ గట్టిగా తాగేవాడు మాల వేసిన రోజే ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. మాలకు వారం ముందే డాక్టరును కలిస్తే ఆ గండం దాటుతుంది. రెండోది, మాల తీసిన సాయంత్రం. ఆ నలభై రోజుల్లో మత్తు పోయి, లోపలి దిగులు అలాగే ఉన్న మనిషి ఆ సాయంత్రమే దుకాణానికి పోతాడు. మనసు జబ్బు ఉందో లేదో చూపించుకోవడానికి ఆ నలభై రోజులకు మించిన సమయం దొరకదు. ఎవరూ వాడుకోవడం లేదు.

చివరికి మా అత్తను మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. ఫిట్స్ రాకుండా ముందు ఇంజెక్షన్ ఇచ్చి, విటమిన్ బీ1 ఎక్కించి, ఆమె శాంతించాక మంచం పక్కన కూర్చుంది. “అమ్మా, కల్లు మొదలుపెట్టకముందు నీకు నిద్ర పట్టేదా?” అని అడిగింది. ఎన్నేళ్లుగానో అత్తను ఎవరూ అడగని ప్రశ్న. అత్త పెట్టె సంగతి చెప్పింది. పెట్టె తెరవనియ్యలేదని, ముఖం చూడలేదని, లోపల ఉన్నది ఆయనేనో కాదో ఇప్పటికీ తెల్వదని చెప్పి ఏడ్చింది. మా ఇంట్లో ఎవరికీ ఆ మాట తెలియదు.

వైద్యం పెద్ద వింతేమీ కాదు. కల్లులోని మందు తొందరగా దిగిపోయేది, అందుకే ఆగగానే ఒళ్లు అంత ఆగమాగం అవుతుంది. దాని బదులు నిదానంగా దిగే డైజీపాం ఇచ్చి, వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. పక్కనే డిప్రెషన్‌కు గోలీ. అది పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుందని, అప్పటిదాకా ఏమీ తెలియదని, మధ్యలో ఆపొద్దని ముందే చెప్పారు. గోలీలన్నీ బావ భార్య చేతిలోనే. పాత క్యాలెండరు మీద పూటకో గీత పెట్టేది. పొద్దుగూకే గంట మాత్రం కష్టమయ్యేది. ఇన్నేళ్లూ ఆ గంటకు ఒళ్లు కల్లు కోసం ఎదురుచూసింది కదా. డాక్టరమ్మ ఆ గంట ఒంటరిగా ఉంచొద్దన్నది. నలుగురు బీడీల ఆడవాళ్లు చాటలు పట్టుకుని మా అత్త అరుగు మీదికే వచ్చేవాళ్లు. మధ్యలో ఒకసారి జారింది. ఎవరింట్లోనో దినాలకు పోయి తాగింది. డాక్టరమ్మ కోప్పడలేదు, మోతాదు సరిచేసి మళ్లీ రమ్మన్నది. బీపీ, షుగరు తిరగబడితే ఎట్లా చూస్తారో అట్లాగే చూసింది.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే మొదట ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. రోజూ తాగే మనిషికి, అందులోనూ మత్తు కలిపిన కల్లు తాగే మనిషికి, ఇంట్లోనే ఒక్కసారిగా బంద్ చేయించకండి. గదిలో పెట్టి తాళం వేయకండి. వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం మొదలైతే అది మొండితనం కాదు, నాటకం కాదు. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నాయన్నా 108కి ఫోన్ చేయండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నచోట మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఇప్పుడు తెలంగాణలో జిల్లా కేంద్రాల్లోనే కాలేజీలు వచ్చాయి, ప్రతిదానికీ ఎర్రగడ్డ దాకా పోవలసిన పని లేదు. ఆంధ్ర వైపు వాళ్లకు విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఉంది. ఓపీలో రెండు సంగతులూ ఒకేసారి చెప్పండి: ఏం తాగుతాడు, ఎంత, చివరిసారి ఎప్పుడు అన్నది, దానికి ముందు నిద్ర, దిగులు, అనుమానం, చెవిలో మాటలు, చనిపోవాలన్న ఆలోచన ఏమైనా ఉన్నాయా అన్నది. సిగ్గుపడి ఒకటి దాచితే రెండోదానికి ఇచ్చిన మందు తప్పుతుంది. వాడుతున్న గోలీల పట్టీలు, పాత చీటీలు, దొరికితే తాగిన సీసా కూడా పట్టుకుపోండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఆ నెల రోజులు వేరే ఇంటికి పంపించేయండి.

రాత్రిపూట ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అది. ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. మత్తు మానడం గురించే అయితే 14446 ఉంది. ఇక్కడా రెండు నంబర్లే! ఏదో ఒకదానికి చేయండి, రెండు బాధలూ ఒకరికే చెప్పండి.

మన దగ్గరే చేసి చూపించినవాళ్లు లేకపోలేదు. నేత కార్మికుల ఆత్మహత్యలు చూసి తల్లడిల్లిన సిరిసిల్లలో ఏరియా ఆసుపత్రిలోనే మానసిక కౌన్సెలింగ్ కేంద్రం పెట్టారు. అప్పు, తాగుడు, దిగులు మూడూ అక్కడికి ఒక్క మనిషి రూపంలోనే వస్తాయి. బీడీ, గల్ఫ్ మండలాలకు అలాంటిది ఒక్కొక్కటి కావాలి. ఆడవాళ్లకు వేరే మంచాలు కావాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు వారానికి ఒక రోజు మత్తు మాన్పించే కేంద్రంలో కూర్చోవాలి. ఆ కేంద్రం కౌన్సెలరు వారానికి ఒక రోజు ఆసుపత్రి ఓపీలో కూర్చోవాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు దగ్గర రెండు శాఖలు ఒకసారి కూర్చుంటే చాలు.

ఎక్సైజ్ శాఖకూ ఒక మాట. కల్తీ కల్లు మీద దాడి చేయవలసిందే, ఆపమని ఎవరూ అనరు. దాడికి ముందు రోజు జిల్లా వైద్యాధికారికి కబురు పోవాలి. ఆ మండలం పీహెచ్‌సీలో డైజీపాం, లోరాజిపాం, విటమిన్ బీ1 ఇంజెక్షన్లు ఉన్నాయో లేదో ఆ సాయంత్రమే చూసుకోవాలి. దాడి సంగతి ముందే బయటికి పొక్కుతుందని శాఖకు భయం ఉంటే, కనీసం డిపోకు తాళం వేసిన గంటలోనైనా ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ వెళ్లాలి. ఏ ఇంట్లో ఎవరు రోజూ తాగుతారో, ఎవరికి వెనక ఫిట్స్ వచ్చాయో, ఎవరు మొగుడు పోయినప్పటి నుంచి సీసా పట్టారో ఆమెకు నోటికి వచ్చు. ఆ ఇళ్లకు ఆమె పోయేలోపు పీహెచ్‌సీ నుంచి మందులు ఆమె సంచిలో పడాలి, వెంట నర్సమ్మ ఉండాలి.